కాగితాల్లేని మనిషికి బ్యాంకు అప్పు



2007 ఫిబ్రవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒక క్రెడిట్ కార్డు మీద పెద్ద రభస జరిగింది. కార్డు చూడబోతే చిన్నది. పరిమితి 500 డాలర్లు. ముందుగా 99 డాలర్లు బ్యాంకు దగ్గర ఉంచాలి. కొన్ని నెలలు సక్రమంగా కడితే ఆ సొమ్ము వెనక్కి ఇచ్చేస్తారు. వడ్డీ ఏడాదికి 21.24 శాతం. ఇచ్చింది బ్యాంక్ ఆఫ్ అమెరికా, ఆ కౌంటీలోని 51 శాఖల్లో, ప్రయోగాత్మకంగా. ఆ బ్యాంకులో మూడు నెలలుగా చెకింగ్ ఖాతా ఉండి, అందులో ఒక్కసారి కూడా ఓవర్‌డ్రాఫ్ట్ పడకుండా ఉంటే చాలు. పాత అప్పుల చరిత్ర లేకపోయినా ఫరవాలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫరవాలేదు.

గొడవంతా ఆ చివరి మాట మీదే వచ్చింది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా అక్కడ చట్టబద్ధంగా ఉద్యోగం చెయ్యలేరు. అప్పు పుట్టడమూ కష్టమే. ఆ నంబరు లేని పెద్దవాళ్లలో ఎక్కువమంది సరిహద్దు చాటుగా దాటి వచ్చినవాళ్లు, లేదా వీసా గడువు అయిపోయినా ఉండిపోయినవాళ్లు. కనుక ఈ కార్డు ఎవరికోసమో వేరే చెప్పాలా అన్నారు విమర్శకులు. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వార్త రాగానే రేడియోల్లో, టీవీల్లో చర్చలు మొదలయ్యాయి. కొలరాడో నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన టామ్ టాంక్రెడో లాంటి నాయకులు మండిపడ్డారు. ఖాతాలు మూసేస్తామని కొందరు బెదిరించారు. చివరికి బ్యాంకు అధిపతి కెన్ లూయిస్ అదే పత్రికలో వ్యాసం రాసి సమర్థించుకోవలసి వచ్చింది. మేము చట్టం దాటలేదన్నది ఆయన వాదన.

ఆ మాట నిజమే. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని కనుక ముందు ఆ చట్టం సంగతి చెబుతాను.

2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికాలో పేట్రియాట్ చట్టం వచ్చింది. అందులో 326వ సెక్షన్ బ్యాంకుల గురించి. ఖాతా తెరిచే మనిషి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఒక గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. మన కేవైసీ లాంటిదే. ఆ మనిషి విదేశీయుడైతే పన్ను శాఖ ఇచ్చిన సంఖ్య తీసుకోవచ్చు, పాస్‌పోర్టు నంబరు తీసుకోవచ్చు, ఏదో ఒక ప్రభుత్వం ఫొటోతో ఇచ్చిన గుర్తింపు పత్రం తీసుకోవచ్చు. నీకు వీసా ఉందా, ఉంటే ఎప్పటిదాకా అని అడిగే బాధ్యత మాత్రం బ్యాంకు మీద పెట్టలేదు. 2003లో ఈ నిబంధనను మార్చాలని గట్టి ఒత్తిడే వచ్చింది. ఖజానా శాఖ మళ్లీ అభిప్రాయాలు సేకరించింది, అన్నీ చదివి ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచింది.

ఎందుకు ఉంచిందో ఊహించడం కష్టం కాదు. 2007 నాటికి అమెరికాలో అనుమతి లేకుండా ఉంటున్నవాళ్లు కోటీ ఇరవై లక్షల మంది అని ప్యూ పరిశోధనా కేంద్రం అంచనా. అంతమంది డబ్బు బ్యాంకు బయట నగదుగా తిరుగుతుంటే దొంగ సొమ్మును వెంటాడే పోలీసుకే ఇబ్బంది. ఖాతాలోకి వస్తే కనీసం ఒక జాడ ఉంటుంది. ఈ జాడ అన్న మాట దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇలా ఖాతాలు తెరిపించినవాటిలో రెండు కాగితాలు ముఖ్యమైనవి. ఒకటి మెక్సికో కాన్సులేట్లు తమ పౌరులకు ఇచ్చే మట్రీకులా కార్డు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి అది. వెల్స్ ఫార్గో బ్యాంకు 2001 నవంబరులో ఆ కార్డు మీద ఖాతాలు తెరవడం మొదలుపెట్టింది. రెండోది ఐటిన్. ఇది మన తెలుగు ఇళ్లలో కూడా చాలామందికి తెలుసు. భర్త హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తుంటే, వెంట వెళ్లిన భార్యకు పని అనుమతి లేక సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అప్పుడు పన్ను రిటర్నులో ఆమె పేరు చూపించడానికి పన్ను శాఖ ఇచ్చే తొమ్మిదంకెల సంఖ్యే ఐటిన్. తొమ్మిదితోనే మొదలవుతుంది. 1996 నుంచి ఇస్తున్నారు. దాంతో ఉద్యోగ హక్కు రాదు, నివాస హక్కూ రాదు. పన్ను కట్టే హక్కు మాత్రం వస్తుంది! ఆ ఇల్లాలికీ, కాలిఫోర్నియా పొలాల్లో స్ట్రాబెరీలు కోసే మెక్సికన్ కూలీకీ పన్ను శాఖ ఇచ్చేది ఒకే రకం సంఖ్య. నీ వీసా ఏదని ఆ శాఖ అడగదు. నీ ఆదాయం ఎంత అనే అడుగుతుంది.

ఆదాయం చెప్పేవాళ్లు తక్కువేం కాదు. అనుమతి లేని వలసదారులు 2022లో కట్టిన పన్నులన్నీ కలిపితే 9,670 కోట్ల డాలర్లని అమెరికాలోని పన్నుల విధాన అధ్యయన సంస్థ ఐటెప్ లెక్కగట్టింది. అందులో 2,570 కోట్లు సోషల్ సెక్యూరిటీ పింఛను నిధికి పోయాయి. ముసలితనంలో ఆ పింఛను వాళ్లకు రాదు.

బ్యాంకు మేనేజరు కుర్చీలో కూర్చుని దీన్ని చూడండి. ఎదుట ఒక మనిషి ఉన్నాడు. ఐదేళ్లుగా పన్ను రిటర్నులు వేశాడు, కాగితాలు వరసగా ఫైల్లో పెట్టుకొచ్చాడు. ఎప్పుడైనా వలస కేసు వాదనకు వస్తే మంచి నడవడికి రుజువుగా పనికొస్తాయని దాచుకున్నవి. అద్దె రసీదులు ఉన్నాయి, కరెంటు బిల్లులు ఉన్నాయి. లేనిది ఆ ఒక్క నంబరు. మన దగ్గర సిబిల్ స్కోరు ఏడు వందలు దాటినవాడు కూడా రెండో కంతుకే తిరిగి చూడకుండా పోయిన కేసులు నేను చూశాను. ఎదురుగా ఉన్నవాడు కట్టే రకమో కాదో చెప్పడానికి నంబరు కంటే ఆ ఫైలే నయం. ఇది నా అభిప్రాయం. ఉద్యోగంలో ఉండగా ఈ మాట రాతపూర్వకంగా చెప్పి ఉంటే తనిఖీ అధికారి నన్ను బతకనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి.

మన దేశంలోనూ దీనికి దగ్గర ఏర్పాటు ఒకటి ఉంది. 2010 చివర్లో నిబంధనలు సవరించి చిన్న ఖాతాలు అని తెచ్చారు. గుర్తింపు పత్రం ఏదీ లేకపోయినా, బ్యాంకు అధికారి ఎదుట ఫొటో అంటించి, సంతకమో వేలిముద్రో వేస్తే ఖాతా తెరవవచ్చు. నిల్వ 50 వేలు దాటకూడదు, నెలకు 10 వేలకు మించి తియ్యకూడదు. ఊరు వదిలి పనికి వచ్చిన కూలీలకు అది కొంత ఊరట. ఇటుక బట్టీలో పనిచేసే మనిషి సిరా రాసిన బొటనవేలును ఫారం మీద పెట్టాక, ముద్ర సరిగ్గా పడిందా లేదా అని వంగి చూసుకుంటాడు. పడకపోతే ఖాతా రాదేమోనని భయం. అయితే మనం తెరిచింది దాచుకునే ఖాతా. లాస్ ఏంజెలెస్‌లో వాళ్లు ఇచ్చింది అప్పు. తేడా పెద్దదే. దాచుకునేవాడు బ్యాంకును నమ్మితే చాలు, అప్పు ఇవ్వాలంటే బ్యాంకు వాణ్ని నమ్మాలి.

ఇంతకీ 21.24 శాతం వడ్డీ ఎక్కువా తక్కువా? మనం ఊళ్లో వడ్డీని నూటికి నెలకింత అని లెక్కేస్తాం కదా, ఆ లెక్కన రూపాయి ముప్పావలా వడ్డీ, ఒక రెండు పైసలు పైన. ఊరి వడ్డీతో చూస్తే దారుణమేం కాదు, బ్యాంకు వడ్డీగా చూస్తే గట్టిదే. ఇప్పుడు పక్క దుకాణం చూడండి. లాస్ ఏంజెలెస్ పేటల్లో జీతం మీద ముందస్తు అప్పులిచ్చే కొట్లు అడుగడుగునా ఉంటాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 300 డాలర్ల చెక్కు రాసిస్తే 45 డాలర్లు రుసుం పట్టుకుని 255 చేతిలో పెడతారు. రెండు వారాల్లో 300 కట్టాలి. అంటే నెలకు 35 రూపాయల వడ్డీ! విజయవాడలో 2015లో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం గుర్తున్నవాళ్లకు ఈ అంకె కొత్తగా ఉండదు. ఇక జీతం చెక్కును నగదు చేసి ఇచ్చే కొట్లు వేరే. ఖాతా లేనివాడు తన సొంత కూలి డబ్బు చేతికి తెచ్చుకోవడానికి నూటికి రెండో మూడో సమర్పించుకోవాలి.

అందుకని, బ్యాంకు దేశద్రోహం చేసిందన్నవాళ్లతోనూ నేను ఏకీభవించను, పేదల పాలిటి దేవుడన్నవాళ్లతోనూ ఏకీభవించను. బ్యాంకు లాభం చూసుకుంది. ఈ 500 డాలర్ల మీద ఏడాదికి వచ్చే నూట ఆరు డాలర్ల వడ్డీ కోసం ఎవరూ ఇంత తలనొప్పి పెట్టుకోరు. ఈ కార్డు వాడినవాడు రేపు కారు కొంటాడు, ఎల్లుండి ఇల్లు కొంటాడు, సొంతూరికి డబ్బు పంపుతాడు. అవన్నీ ఈ బ్యాంకు నుంచే జరగాలని లెక్క.

లాభం లెక్కలేని చోట ఇదే పని ఎలా జరిగిందో చెప్పడానికి నార్త్ కరోలినాలోని డర్హం ఊరు తీసుకోవచ్చు. 1990ల చివర్లో అక్కడ భవన నిర్మాణానికీ, కోళ్ల పరిశ్రమకూ లాటిన్ అమెరికా నుంచి కూలీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఖాతాలు లేవు. జీతం మొత్తం జేబులోనో పరుపు కిందో ఉండేది. అది దొంగలకు తెలిసిపోయింది. జీతాల రోజున దారికాచి కొట్టడం, ఇళ్ల మీద పడటం మామూలైపోయింది. పోలీసుల దగ్గరకు వెళ్తే తమ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని బాధితులు ఫిర్యాదు చేసేవారు కాదు. ఆ పరిస్థితిలో స్థానిక లాటినో సంఘం, అక్కడి రుణ సహకార సంఘాలు కలిసి 2000లో లాటినో కమ్యూనిటీ క్రెడిట్ యూనియన్ పెట్టాయి. మొదట దోపిడీల నుంచి కాపాడటానికి ఖాతాలు, తరువాత కారు అప్పులు, ఆ తరువాత ఇళ్ల అప్పులు. సభ్యుల డబ్బే సభ్యులకు అప్పుగా తిరిగింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఇంటి అప్పు సంగతి కొంచెం ఆగి చెప్పాలి. ఐటిన్ మీద ఇంటి అప్పులు 2000 తరువాత అక్కడక్కడా మొదలయ్యాయి. అమెరికాలో మామూలుగా బ్యాంకు ఇంటి అప్పు ఇచ్చి తన దగ్గరే ఉంచుకోదు. ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే పెద్ద సంస్థలకు అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకో అప్పు ఇస్తుంది. ఐటిన్ అప్పులు ఆ సంతలో మామూలుగా అమ్ముడుపోవు. ముప్పై ఏళ్లపాటు ఆ కాగితం బ్యాంకు బీరువాలోనే ఉండాలి. అందుకని వడ్డీ ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ, చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా ఎక్కువ. ఒకందుకు ఇది మంచిదే అయింది. అమ్మేసే అప్పును ఎవరు ఎలా ఇచ్చారో అమెరికా మొత్తం 2008లో చూసింది. తన బీరువాలోనే ఉండే కాగితాన్ని మేనేజరు రెండుసార్లు చదువుతాడు. అయినా ఆ సంక్షోభపు దెబ్బకు ఈ అప్పులూ చాలా చోట్ల ఆగిపోయాయి. చాలా ఏళ్లకు గానీ మళ్లీ పుంజుకోలేదు.

బ్యాంకు గుమ్మం ఎక్కలేనివాళ్లు ఊరికే కూర్చోలేదు. మెక్సికో నుంచి వచ్చినవాళ్లు తాండా అని వేసుకుంటారు. పదిమంది కలిసి నెలకు నూరు డాలర్ల చొప్పున వేస్తారు, నెలకొకరు మొత్తం తీసుకుంటారు. మన చీటీయే. మనలాగా పాట పెట్టి తగ్గించుకోవడం మాత్రం ఉండదు, వంతుల ప్రకారం పోతుంది. ఎగ్గొడితే కోర్టు లేదు, చుట్టాల్లో తలెత్తుకు తిరగలేకపోవడమే శిక్ష. ఇది ఎంత నికరంగా నడిచినా ఆ కట్టిన డబ్బు ఏ బ్యాంకు లెక్కలోకీ రాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో హోసె కిన్యోనెస్ అనే ఆయన ఈ లోటు పట్టుకున్నారు. ఆయనా చిన్నప్పుడు మెక్సికో నుంచి కాగితాల్లేకుండా వచ్చినవారే. జీన్స్ కంపెనీ లెవీ స్ట్రాస్ ఆ ఊళ్లో తన పాత ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఇచ్చిన 10 లక్షల డాలర్లతో మిషన్ అసెట్ ఫండ్ అనే సంస్థ మొదలైంది. వాళ్లు చేసిన పని చూడటానికి చాలా మామూలుది. చీటీ సభ్యుల చేత ప్రామిసరీ నోటు రాయించి, ప్రతి నెలా ఎవరు కట్టారో క్రెడిట్ బ్యూరోలకు తెలియజేశారు. వడ్డీ లేదు. పది నెలల చీటీ పూర్తయ్యేసరికి, అంతదాకా ఏ రికార్డులోనూ లేని మనిషికి ఒక స్కోరు వస్తుంది. 2014లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి ఈ పద్ధతిని గుర్తించింది. 2016లో కిన్యోనెస్‌కు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. మన అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఒక్క కంతు తప్పకుండా నడిపే చీటీలు కూడా ఏ సిబిల్ లెక్కలోకీ రావన్నది ఈ సందర్భంగా చెప్పుకోవలసిన మాట.

ఇక మనవాళ్ల సంగతి. అమెరికాలో కాగితాల్లేని వాళ్లంటే మెక్సికో వాళ్లేనని మనకొక అభిప్రాయం. భారతీయులూ లక్షల్లోనే ఉన్నారు, ఎన్ని లక్షలన్న దాని మీద అంచనాలు వేరువేరు. మన వాళ్లలో ఎక్కువమంది విమానంలో, వీసాతో, దర్జాగా దిగినవాళ్లే. జారిపోయింది తరువాత. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీని మూయించినప్పుడు వందల మంది తెలుగు విద్యార్థుల వీసా హోదా రాత్రికి రాత్రి పోయింది. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ కడియాలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం. అది అసలు వలస శాఖ అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అందులో చిక్కుకున్నవాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువగా కనిపించారు.

అలాంటి కుర్రవాడి అప్పుల జాబితా చూస్తే విషయం ఇంకో రకంగా అర్థమవుతుంది. చదువు అప్పు ఇక్కడి బ్యాంకులో ఉంది. నాన్న సహ రుణగ్రహీత, ఇల్లు తనఖాలో ఉంది. అక్కడ దిగగానే స్కోరు లేదు కనుక, డిపాజిట్ కట్టి తీసుకునే చిన్న క్రెడిట్ కార్డు ఒకటి ఉంది, 300కో 500కో. తరువాత కంతుల మీద కారు. ఇవన్నీ వీసా ఉన్నప్పుడు పుట్టిన అప్పులు. వీసా పోయిన రోజున ఏ ఒక్కటీ రద్దు కాదు. వీసా గడువు అయిపోయిందని బ్యాంకు కంతు ఆపదు, కంతు కడుతున్నాడు కదా అని వలస శాఖ వదలదు. ఈ రెండు యంత్రాలూ ఒకదాని సంగతి ఒకదానికి పట్టనట్టు తిరుగుతాయి. మధ్యలో మనిషి రెంటికీ జవాబు చెప్పుకుంటాడు.

గల్ఫ్ దేశాల్లో కథ తిరగబడింది. అక్కడ అకామా, అంటే నివాస అనుమతి కార్డు, ఉంటేనే ఖాతా. అకామా గడువు ముగిస్తే ఖాతా స్తంభించిపోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచీ, కడప, కోనసీమల నుంచీ వెళ్లి, యజమాని పెట్టే బాధలు పడలేక పారిపోయి బయట పనిచేసుకునేవాళ్లను మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లికి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. గదిలో తోటివాళ్ల చేబదుళ్లే దిక్కు. ఇంటికి డబ్బు పంపాలంటే హుండీ. ఎమిరేట్స్‌లో అయితే అప్పే కాగితాలు పోగొట్టిన కేసులున్నాయి. జీతం చూసి బ్యాంకు అప్పు ఇస్తుంది, హామీగా ఖాళీ చెక్కు రాయించుకుంటుంది. ఉద్యోగం పోయి కంతు ఆగితే చెక్కు బ్యాంకుకు వెళ్తుంది, బౌన్స్ అవుతుంది. 2022 జనవరి దాకా అది నేరం. కేసు పడితే దేశం విడిచి వెళ్లనివ్వరు. వెళ్లలేడు కనుక వీసా గడువు దాటిపోతుంది. దాటిపోయాక పని దొరకదు, పని లేక అప్పు తీరదు. నిబంధన సడలించిన తరువాతా ప్రయాణ నిషేధాలు పూర్తిగా పోలేదు. 2024లో కువైట్, ఎమిరేట్స్ రెండూ క్షమాభిక్ష ప్రకటించాయి. అలాంటప్పుడు జరిమానా లేకుండా ఇంటికి వచ్చే వీలుంటుంది. బ్యాంకు కేసు నెత్తిన ఉన్నవాడికి మాత్రం ముందు ఆ చిక్కు విడిపోవాలి.

బ్రిటన్ ఇంకో దారి తొక్కింది. 2014 వలస చట్టంతో, అనుమతి లేనివాళ్లకు కరెంటు ఖాతా తెరవవద్దని బ్యాంకులకు చెప్పింది. 2018 జనవరి నుంచి, అప్పటికే ఉన్న 7 కోట్ల ఖాతాలనూ మూడు నెలలకొకసారి జల్లెడ పట్టమంది. కౌంటర్ గుమాస్తా వలస అధికారి అయ్యాడు. కొన్ని నెలలకే విండ్‌రష్ గొడవ బయటపడింది. దశాబ్దాల క్రితం కరీబియన్ దీవుల నుంచి హక్కుతోనే వచ్చి స్థిరపడ్డ ముసలివాళ్లను కాగితాలు చూపలేదని వేధించారని తేలి, ఈ తనిఖీలు అప్పటికి ఆపవలసి వచ్చింది. బ్యాంకు చేత పోలీసు పని చేయిస్తే ముందు దెబ్బ తినేది ఎవరో దానితో తెలిసింది.

అమెరికా ఇంతకాలం ఆ పని చెయ్యలేదు. ఒక చేత్తో ఉండటానికి వీల్లేదంటూనే ఇంకో చేత్తో పన్ను సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్య చూసి బ్యాంకు అప్పు ఇచ్చింది. ఈ ఏర్పాటు నిలబడింది ఒకే ఒక్క నమ్మకం మీద: పన్ను శాఖకు చెప్పిన చిరునామా పన్ను శాఖ దగ్గరే ఉంటుందని. నిక్సన్ కాలపు అక్రమాలు చూశాక 1976లో ఆ గోప్యతను చట్టంలో బిగించారు. 2025 ఏప్రిల్‌లో పన్ను శాఖ, వలస శాఖ సమాచారం పంచుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. అది నచ్చక పన్ను శాఖ తాత్కాలిక అధిపతి మెలనీ క్రౌజ్ పదవి వదిలేశారు. వ్యాజ్యాలు కోర్టులకెక్కాయి. కోర్టులు ఏం చెప్పినా కూలీకి మాత్రం సంగతి అర్థమైపోయింది.

ఇందాక జాడ అన్నాను. నేను చెప్పదలచుకున్నది ఇదే. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే మనిషికి జాడ ఉండాలి, ఐదేళ్ల రిటర్నులు, చిరునామా, జీతం ఇచ్చే యజమాని పేరు. నిజాయితీకి రుజువుగా దాచుకున్న అదే ఫైలు, పట్టుకోవడానికి వచ్చినవాడికి దారి చూపే పటం కూడా అవుతుంది. 2007 నాటి విమర్శకులు బ్యాంకు నష్టపోతుందని అరిచారు, దేశం నష్టపోతుందని అరిచారు. అసలు ఆ అప్పులో ప్రమాదమంతా ఎవరి నెత్తిన ఉందో అప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 99 డాలర్లు హామీ పెట్టినవాడు తన పేరూ ఇంటి నంబరూ కూడా హామీ పెట్టాడు. ఆ రెండోది తిరిగి రాదు. అయినా నా ఓటు బ్యాంకు అప్పుకే. నెలకు 35 రూపాయల వడ్డీ కొట్టువాడు కూడా చిరునామా రాసుకునే ఇస్తాడు కదా.

జాడ లేకుండా ఉందామన్నా ఇప్పుడు దానికీ ధర పెట్టారు. 2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి విదేశాలకు నగదు రూపంలోనో, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు రూపంలోనో పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వేస్తున్నారు. బిల్లు మొదట 5 శాతంతో వచ్చింది. దానికి భయపడి మన ఇళ్లలో కూడా అప్పట్లో ఫోన్లు చాలా నడిచాయి. చివరికి 1 శాతానికి దిగింది. బ్యాంకు ఖాతా నుంచి పంపినా, అమెరికాలో జారీ అయిన డెబిట్, క్రెడిట్ కార్డుతో పంపినా ఆ పన్ను లేదు. అంటే హెచ్-1బి మీద ఉన్న మీ అబ్బాయి ఫోన్‌లో నొక్కి పంపే డబ్బుకు పన్ను లేదు. పెట్రోలు బంకులోనో హోటలు వంటగదిలోనో పనిచేసి, ఖాతా తెరవడానికి జంకి, నోట్లు పట్టుకుని కౌంటర్‌కు వెళ్లేవాడికి వెయ్యి డాలర్లకు 10 డాలర్లు పోతాయి.

పిల్లలు అక్కడ ఉన్న శ్రోతలకు ఒక పాత బ్యాంకు ఉద్యోగిగా చివరి మాట. వీసా ఏదైనా, ఎంత గట్టిగా ఉన్నా, అక్కడి ఖాతాకు లబ్ధిదారు పేరు రాయించారో లేదో అడగండి. అనుకోకుండా తిరిగి రావలసి వస్తే ఖాతా నడపడానికీ, కారు అమ్మి అప్పు తీర్చడానికీ అక్కడే ఉండే నమ్మకమైన మనిషి పేర నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే మంచిది. వలసదారుల సంఘాలు కాగితాల్లేనివాళ్లకు ఇస్తున్న సలహా ఇదే. కాగితాలున్నవాళ్లకూ పనికొస్తుంది. హెచ్-1బి ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, ఇల్లు ఖాళీ చెయ్యాలి, నోటరీ ఆఫీసు కూడా వెతుక్కోవాలంటే కష్టం.